హెచ్.ఐ.వి. సోకితే కణాల కాపుదల ఏమవుతుంది?

ఉపకార వేతనాల దరఖాస్తులు పరిశీలించే పని మీద వేసుకున్నాక నాకు సైన్సు కొద్దికొద్దిగా ఒంటబట్టింది. నేను చదివింది బి.కాం., ముప్పై ఏళ్ళకు పైగా చేసింది బ్యాంకు గుమాస్తా పని. ఈ మధ్య మన ట్రస్టుకు బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, నర్సింగు చదివే పిల్లల దరఖాస్తులు ఎక్కువగా వస్తున్నాయి. వారు జతపరిచే ప్రాజెక్టు కాగితాలు చదవకుండా మార్కులు మాత్రం చూసి సంతకం పెట్టడం నాకు ఇష్టం ఉండదు. అలా చదివిన ఒక కాగితంలోనిదే ఈ విషయం. రాసిన విద్యార్థిని చేత రెండు ఆదివారాలు ఓపికగా చెప్పించుకొని, తర్వాత లైబ్రరీలో పాఠ్యపుస్తకాలు తిరగేసి, నాకు అర్థమైన మాటల్లో పాఠకుల ముందు పెడుతున్నాను.

రాయడానికి మరో కారణం కూడా ఉంది. "ఒంట్లో ఇమ్యూనిటీ బాగా ఉంటే ఏ జబ్బూ ఏమీ చేయదు" అనే మాట మన ఆఫీసుకు వచ్చే పెద్దల నోట తరచుగా వింటున్నాను. 2020లో కరోనా వచ్చినప్పటి నుంచి మరీ ఎక్కువైంది. రోగనిరోధక శక్తి అంటే బ్యాంకు ఖాతాలో నిల్వ లాంటిదనీ, పొడులూ లేహ్యాలూ జమ చేస్తే పెరుగుతుందనీ వీరి అభిప్రాయం. మామూలు జలుబుకు ఈ నమ్మకం వల్ల పోయేది డబ్బే. హెచ్.ఐ.వి. ఉన్నవారికి మాత్రం ఇది ప్రాణం మీదికి వస్తుంది. అందుకు కారణం తెలియాలంటే మన రక్తంలో నిరంతరం తిరుగుతూ ఉండే ఒక కాపలా దళం సంగతి ముందు చెప్పుకోవాలి.

ఆ దళం పేరు కాంప్లిమెంట్. తెలుగు లిపిలో రాస్తే పొగడ్తకూ దీనికీ తేడా కనబడదు గాని, ఇక్కడ అర్థం 'పూరకం' అని. 1890ల్లో జూల్ బోర్డే అనే బెల్జియం శాస్త్రవేత్త ఒక వింత గమనించాడు. రోగక్రిములను చంపగల రక్తద్రవాన్ని 56 డిగ్రీల వరకు వేడి చేస్తే దాని చంపే శక్తి పోయింది. అందులో మామూలు జంతువు తాజా రక్తద్రవం కొంచెం కలిపితే ఆ శక్తి తిరిగి వచ్చింది. అంటే యాంటీబాడీలు వేడికి తట్టుకొని నిలిచాయి, వాటికి తోడుగా పనిచేసే ఇంకేదో వేడికి చెడిపోయింది. ఆ తోడుకే తర్వాత పాల్ ఎర్లిష్ కాంప్లిమెంట్ అని పేరు పెట్టాడు. బోర్డేకు 1919 సంవత్సరపు నోబెల్ బహుమతి వచ్చింది.

ఇప్పుడు తెలిసినంతలో ఇది ఒక పదార్థం కాదు, 30కి పైగా ప్రోటీన్ల కుటుంబం. వీటిలో ఎక్కువ భాగం కాలేయంలో తయారవుతాయి. అన్నిటికన్నా ముఖ్యమైనది సి3. అది లీటరు ప్లాస్మాలో గ్రాము పైచిలుకు ఉంటుంది, రక్తంలోని ప్రోటీన్లలో ఇది పెద్ద మొత్తమే. వీటి పని తీరు మా కాలపు బ్యాంకులో చెక్కు పాసయ్యే తీరు వంటిది. లెడ్జర్ గుమాస్తా పొడి సంతకం పెడితే ఆఫీసరు చూస్తాడు, ఆఫీసరు సంతకం పడితే క్యాషియరు డబ్బు ఇస్తాడు. ఒకరి సంతకం లేకుండా తర్వాతి వారు కదలరు. అలాగే ఒక ప్రోటీను తెగితే దాని ముక్క తర్వాతి దాన్ని కదిలిస్తుంది. తేడా ఏమిటంటే ఇక్కడ ఒక్క సంతకానికి వెనుక వందల చెక్కులు పాసవుతాయి. చివరికి సి5 నుంచి సి9 వరకు ఉన్న ప్రోటీన్లు ఒకచోట చేరి, క్రిమి పొరలో గొట్టం లాంటి రంధ్రం చేస్తాయి. ఆ రంధ్రంలోంచి నీరు లోపలికి దూరి క్రిమి ఉబ్బి పగిలిపోతుంది.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. సి3 యాంటీబాడీ పిలుపు కోసం ఆగదు. ఎప్పుడూ కొద్దికొద్దిగా తనంతట తానే తెరుచుకొని, పక్కన ఏ పొర దొరికితే దానికి గట్టిగా అతుక్కుంటుంది. అది క్రిమి పొరా, మన సొంత కణం పొరా అనే విచక్షణ దానికి లేదు. మరి మన కణాలు రోజూ పగిలిపోకుండా ఎలా ఉంటున్నాయి? ప్రతి కణం తన పొర మీద గుర్తింపు బిళ్ళలు తగిలించుకొని ఉంటుంది. అందులో మూడు ముఖ్యం. సి.డి.46 అనేది అతుక్కున్న సి3 ముక్కను కోయించి రద్దు చేయిస్తుంది. సి.డి.55 అనేది సంతకాలు పెట్టే జంటను విడగొట్టి పనిని మధ్యలో ఆపుతుంది. ఈ రెండిటినీ దాటి పని చివరిదాకా వస్తే సి.డి.59 అడ్డం నిలబడి, ఆఖరి గొట్టం పూర్తి కాకుండా చూస్తుంది. కాపలావాడు బిళ్ళ చూసి వదిలేసినట్టన్నమాట.

ఈ బిళ్ళలు లేకపోతే ఏమవుతుందో ఊహించనక్కరలేదు, అటువంటి జబ్బు నిజంగా ఉంది. పరాక్సిస్మల్ నాక్టర్నల్ హీమోగ్లోబిన్యూరియా అని నోరు తిరగని పేరు, కుదించి పి.ఎన్.హెచ్. అంటారు. ఎముక మూలుగలోని ఒక మూలకణంలో పిగ్-ఎ అనే జన్యువు చెడిపోతుంది. సి.డి.55, సి.డి.59 బిళ్ళలను కణం పొరకు గుచ్చి ఉంచే కొవ్వు కొక్కెం ఆ కణం సంతతిలో తయారు కాదు. బిళ్ళ లేని ఎర్ర రక్తకణాలను రోగి సొంత కాంప్లిమెంటే పగలగొడుతుంది. పొద్దున లేచేసరికి మూత్రం కోకా రంగులో ముదురుగా వస్తుంది. బయటి నుంచి ఏ క్రిమీ రాలేదు, కాపలా దళానికి బలం తగ్గలేదు. అయినా మనిషి రక్తహీనతతో మంచం పడతాడు. రోగనిరోధక శక్తిని నిల్వగా లెక్కపెట్టేవారికి ఈ ఒక్క జబ్బు చాలు జవాబుగా.

ఇప్పుడు హెచ్.ఐ.వి. దగ్గరికి వద్దాం. ఈ వైరస్ మన తెల్ల రక్తకణాల్లో సి.డి.4 అనే గుర్తు ఉన్న టి కణాలను పట్టుకుంటుందని చాలామందికి తెలుసు. రక్షణ వ్యవస్థలో మిగతావారికి ఆదేశాలిచ్చే కణాలు ఇవే. వైరస్ వాటిలో దూరి, తన నకళ్ళను తయారు చేయించుకొని, ఆ కణం పొరలోంచి మొగ్గలా బయటికి వస్తుంది. వచ్చేటప్పుడు ఆ పొరనే దుప్పటిలా కప్పుకొస్తుంది. ఆ పొర మీద ఉన్న సి.డి.55, సి.డి.59 బిళ్ళలు కూడా దుప్పటితో పాటే వచ్చేస్తాయి. పొరలో ఏ భాగంలో ఈ బిళ్ళలు దట్టంగా గుచ్చి ఉంటాయో, వైరస్ బయటపడడానికి ఎంచుకునేదీ ఎక్కువగా ఆ భాగాన్నే. వైరస్ మీద ఈ బిళ్ళలు ఉన్నాయని 1990ల నడుమ ప్రయోగాల్లో తేలింది. వాటిని అడ్డుకుంటే గాని కాంప్లిమెంట్ వైరస్‌ను పగలగొట్టలేకపోయింది. ఇది చాలదన్నట్టు రక్తంలో తిరిగే ఫ్యాక్టర్ హెచ్ అనే మరో రక్షక ప్రోటీనును కూడా వైరస్ తనకు అంటించుకుంటుంది. దొంగ మన సిబ్బంది కోటు తొడుక్కొని, మెళ్ళో మన బిళ్ళ వేసుకొని, గార్డుకు నమస్కారం పెడుతూ గేటు దాటిన చందం.

ఇంకా విచిత్రం ఏమిటంటే, హెచ్.ఐ.వి. కాంప్లిమెంట్‌ను తప్పించుకోవడమే కాదు, వాడుకుంటుంది కూడా. దాని పై తొడుగులోని జి.పి.41 అనే ప్రోటీను యాంటీబాడీ సాయం లేకుండానే కాంప్లిమెంట్‌ను కదిలించగలదు. మొదటి సంతకాలు పడతాయి, సి3 ముక్కలు వైరస్ మీద అతుక్కుంటాయి, కానీ బిళ్ళల మూలంగా ఆఖరి గొట్టం పూర్తికాదు. సి3 ముక్కలు అతుక్కున్న దేన్నైనా పట్టుకొని దాచుకునే కణాలు లింఫు గ్రంథుల్లో ఉన్నాయి. అవి ఈ వైరస్‌నూ పట్టుకొని తమ కొమ్మల మీద నిలబెట్టుకుంటాయి. అటు వచ్చిపోయే సి.డి.4 కణాలకు అక్కడి నుంచి అంటుకుంటుంది. క్రిమిని చంపడానికి పడిన ముద్రే దానికి సత్రంలో చోటు సంపాదించిపెట్టింది.

ఇదంతా వైరస్ వైపు కథ. మన కణాల వైపు జరిగేది దీనికి తలకిందులు. 1989లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ పరిశోధకులు ఎయిడ్స్ రోగుల తెల్ల రక్తకణాలను పరీక్షించారు. వాటి మీద సి.డి.55 తగ్గి ఉంది, కాంప్లిమెంట్ దాడికి అవి ఆరోగ్యవంతుల కణాలకన్నా తొందరగా లొంగిపోయాయి. తర్వాత మూడేళ్ళకు మరో బృందం హెచ్.ఐ.వి. ఉన్నవారి టి కణాల మీద సి.డి.59 కూడా తగ్గుతోందని ప్రచురించింది. దొంగ మెడలో బిళ్ళ, సిబ్బంది మెడలు బోసి. వైరస్ సోకని పక్క కణాలకు కూడా ముప్పు ఉంది. వైరస్ తొడుగు నుంచి ఊడిపోయిన జి.పి.120 ప్రోటీను ముక్కలు ఆరోగ్యంగా ఉన్న సి.డి.4 కణాలకు కూడా అంటుకుంటాయి. ఆ ముక్కను చూసి యాంటీబాడీ వస్తుంది, యాంటీబాడీ వెంట కాంప్లిమెంట్ వస్తుంది. ఏ తప్పూ చేయని కణం శత్రువు చీటీ అతుక్కున్న పాపానికి దెబ్బ తింటుంది.

ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. సి.డి.4 కణాలు తగ్గిపోవడానికి ఇదొక్కటే కారణం అని ఎవరూ అనడం లేదు. వైరస్ నేరుగా చంపేవి కొన్ని, వైరస్ లోపలికి దూరే ప్రయత్నంలో వాపు పుట్టి చచ్చేవి చాలా, నిరంతరం ఉద్రేకంలో ఉండి అలసిపోయేవి మరికొన్ని. బిళ్ళలు పోవడం వీటిలో ఒక పద్దు. కాని బయటివారికి విషయం విడమరచడానికి ఇంతకన్నా మంచి పద్దు నాకు కనబడలేదు. ఆరోగ్యవంతుల్లో ఘనపు మిల్లీమీటరు రక్తానికి 500 నుంచి 1500 వరకు ఉండే సి.డి.4 లెక్క, చికిత్స లేకపోతే ఏళ్ళ తరబడి తరుగుతూ 200 కిందికి దిగుతుంది. ఆ స్థితినే ఎయిడ్స్ అంటాం. క్షయ వంటి జబ్బులు అప్పుడు దాడి చేస్తాయి.

మన దగ్గరికి సహాయం కోసం వచ్చిన ఒక కుటుంబంలో ఇలాగే జరిగింది. తండ్రికి ప్రభుత్వ కేంద్రంలో మందులు అందుతున్నాయి, లెక్క బాగుంది, బండి నడుపుకుంటున్నాడు. ఎవరో ఒక వ్యాపారి "ఆ ఇంగ్లీషు మాత్రలు లివరు పాడుచేస్తాయి, నా పొడి ఇమ్యూనిటీ మూడింతలు చేస్తుంది" అని నమ్మించాడు. నెలకు వేల రూపాయలు పోసి పొడి తిన్నాడు, ఉచితంగా వచ్చే మాత్రలు మానేశాడు. ఏడాది తిరగకుండా క్షయతో ఆసుపత్రిలో చేరాడు. కూతురు డిగ్రీ రెండో సంవత్సరంలో చదువు ఆపి బట్టల దుకాణంలో కుదురుకుంది. మళ్ళీ మాత్రలు మొదలుపెట్టాక తండ్రి కోలుకున్నాడు, అమ్మాయిని మనం తిరిగి కాలేజీకి పంపగలిగాం. పొడి అమ్మినవాడు ఇచ్చిన రసీదు కూడా లేదు, అడగడానికి.

ఆ పొడికి నిజంగానే ఏదో శక్తి ఉందనుకున్నా అది చేసే మేలు ఏమిటి? గార్డులను రెట్టింపు చేస్తే బిళ్ళ వేసుకున్న దొంగ దొరకడు, బిళ్ళ పోగొట్టుకున్న గుమాస్తాకు దెబ్బలు పడతాయి. ఎ.ఆర్.టి. మాత్రలు చేసే పని వేరు. అవి గార్డుల జోలికి పోవు, బిళ్ళల జోలికీ పోవు. వైరస్ కొత్త నకళ్ళు తయారుచేసుకోకుండా ఆపుతాయి. నకళ్ళు ఆగితే రక్తంలో వైరస్ తగ్గుతుంది, ఉద్రేకం చల్లారుతుంది, ఎముక మూలుగ నుంచీ థైమస్ నుంచీ వచ్చే కొత్త కణాలు బతికి బట్టకడతాయి. మానేస్తే మాత్రం, కణాల్లో దాక్కున్న వైరస్ కొద్ది వారాల్లో మళ్ళీ లేస్తుంది. అందుకే ఇవి జీవితాంతం వాడాల్సినవి.

మన దేశంలో ఈ వైరస్ జాడ మొదట 1986లో మద్రాసులో దొరికింది. డాక్టర్ సునీతి సాలమన్, ఆమె విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల సేకరించిన నమూనాల్లో అది బయటపడింది. తర్వాతి కాలంలో మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక ఎక్కువ రోగులున్న రాష్ట్రాల వరుసలో నిలిచాయి. అంటే మనం పుట్టిన ఊళ్ళూ, బతుకుతున్న ఊరూ రెండూ అందులోనే ఉన్నాయి. 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం ఉచిత ఎ.ఆర్.టి. మొదలుపెట్టింది. మొదట్లో సి.డి.4 లెక్క బాగా పడిపోయినవారికే ఇచ్చేవారు. 2017 నుంచి లెక్కతో పనిలేకుండా పరీక్షలో తేలిన వెంటనే ఇస్తున్నారు. చాలామందికి ఇప్పుడు రోజుకు ఒక్క మాత్ర. బెంగళూరులో శివాజీనగర్ బౌరింగ్ ఆసుపత్రిలో ఈ కేంద్రం ఉంది. దగ్గరలోని కేంద్రం ఎక్కడో తెలియనివారు 1097 నంబరుకు ఫోను చేస్తే చెబుతారు, ఖర్చు లేదు.

ఇంకో మాట, మన కమిటీ సంగతి. అనాథ పిల్లల దరఖాస్తులో తల్లిదండ్రుల మరణకారణం రాయించాలని ఒక సభ్యుడు సూచించారు. చర్చ తర్వాత కమిటీ ఒప్పుకోలేదు. 2017లో చేసి, 2018 సెప్టెంబరు 10 నుంచి అమలైన హెచ్.ఐ.వి. చట్టం ప్రకారం ఎవరినీ బలవంతంగా ఆ విషయం చెప్పమనడానికి వీల్లేదు, చదువులో వివక్ష చూపడానికీ వీల్లేదు. పక్కన కూర్చుంటే, ఒకే పంక్తిలో భోంచేస్తే, ఒకే హాస్టలు గదిలో ఉంటే ఇది అంటుకోదు. కాబట్టి ఆ గడి మనకు అక్కరలేదు.

సైన్సు చదివే పిల్లల కోసం మరికొంత. హెచ్.ఐ.వి.లో రకాలున్నాయి, మన దేశంలో అత్యధికం 'సి' రకం. దాని మీద గట్టి పని మన ఊళ్ళోనే, జక్కూరులోని జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత శాస్త్ర పరిశోధన కేంద్రంలో జరిగింది. డాక్టర్ ఉదయ్‌కుమార్ రంగ బృందం నిమ్హాన్స్ వైద్యులతో కలిసి 2004లో ఒక వ్యాసం ప్రచురించింది. సి రకం వైరస్‌లోని టాట్ అనే ప్రోటీనులో 31వ స్థానంలో ఒక చిన్న మార్పు ఉందనీ, దానివల్ల అది తెల్లకణాలను తనవైపు రప్పించడంలో బలహీనమనీ చూపారు. ఇక కాంప్లిమెంట్ విషయానికి వస్తే, పుణేలోని నేషనల్ సెంటర్ ఫర్ సెల్ సైన్స్‌లో వైరస్‌లు కాంప్లిమెంట్‌ను ఎలా ఏమారుస్తాయో పరిశోధించిన డాక్టర్ అరవింద్ సాహు, అంతకుముందు అమెరికాలో ఉండగా 1996లో సి3ని అడ్డుకునే ఒక చిన్న పెప్టైడును కనిపెట్టిన వ్యాసానికి మొదటి రచయిత. ఆ దారిలోనే అభివృద్ధి చేసిన మందుకు 2021లో అమెరికాలో అనుమతి వచ్చింది, అదీ నేను పైన చెప్పిన పి.ఎన్.హెచ్. జబ్బుకే. పాతికేళ్ళు పట్టింది. ఫిక్స్‌డ్ డిపాజిట్లు కూడా ఇంత కాలానికి తీసుకోం.

వైరస్ మెడలోని బిళ్ళను లాగేసే ప్రయత్నాలు కూడా జరిగాయి. స్ట్రెప్టోకాకస్ ఇంటర్మీడియస్ అనే బాక్టీరియా విషంలోని ఒక భాగం మనిషి సి.డి.59కు గట్టిగా అంటుకుంటుంది. 2010లో ప్రచురించిన ప్రయోగంలో ఆ భాగాన్ని కలిపితే యాంటీబాడీలూ కాంప్లిమెంటూ కలిసి హెచ్.ఐ.వి. కణాలను పగలగొట్టగలిగాయి. అయితే అదే సి.డి.59 మన ఎర్ర కణాల మీదా ఉంది గదా. అన్నిచోట్లా ఒకేసారి లాగేస్తే రోగికి పి.ఎన్.హెచ్. తెచ్చిపెట్టినట్టే. దొంగ మెడలోని బిళ్ళను మాత్రమే గుర్తుపట్టి లాగడం ఎలా అన్నది పరిశోధకుల ముందున్న ప్రశ్న. ఆ అమ్మాయి ఎం.ఎస్సీ.లో ఈ ప్రశ్న మీదే పనిచేస్తానంటోంది. ఆమె ప్రవేశ పరీక్ష ఫీజు ఈ నెల సమావేశంలో మంజూరయింది. ఇటువంటి ప్రాజెక్టులున్న మిగతా విద్యార్థులు దరఖాస్తుతో పాటు తెలుగులో ఒక పేజీ సారాంశం జతచేస్తే, చదివి అర్థం కాని చోట ఫోను చేసి అడుగుతాను.